పొగలో ఎర్రబడ్డ చేప, పక్కదోవ పట్టిన మాట

సభకు నమస్కారం.

ఎర్ర హెర్రింగ్ అనే చేప ఏ సముద్రంలోనూ లేదు. ఎంత పెద్ద వల వేసినా దొరకదు. నీళ్లలో ఉన్నప్పుడు హెర్రింగ్ వెండిలా ఉంటుంది, వీపు మాత్రం కాస్త నీలం కలిసిన నలుపు. దాన్ని ఎర్రగా మార్చేవి ఉప్పూ, పొగా. అలా మారిన సరుకుకు ఇంగ్లిష్‌వాళ్లు పెట్టుకున్న పేరే 'రెడ్ హెర్రింగ్'. ఇవాళ ఆ మాట వింటే ఎవరికీ చేప గుర్తురాదు. డిటెక్టివ్ నవలలో పాఠకుడి చెవిలో పూలు పెట్టడానికి రచయిత పడేసే దొంగ ఆధారం గుర్తొస్తుంది. టీవీ చర్చలో రోడ్డు గుంతల గురించి అడిగితే తాతల నాటి చరిత్ర ఎత్తుకునే నాయకుడు గుర్తొస్తాడు.

పొయ్యి దగ్గర పుట్టిన ఈ మాట అక్కడికి ఎలా చేరిందో చెప్పడానికి ఒక కథ ఉంది. జైలు నుంచి పారిపోయే దొంగలు వేటకుక్కల్ని తప్పించుకోవడానికి ఈ కంపుచేపను దారికి అడ్డంగా ఈడ్చుకుపోయేవారనీ, కుక్కలు ఆ వాసన పట్టుకుని ఇంకో దిక్కుకి పరిగెత్తేవనీ. మీలో చాలామంది వినే ఉంటారు. వినడానికి బాగుంటుంది. ఇవాళ నేను చెప్పదలుచుకున్నదల్లా ఒక్కటే: ఆ కథ జరగలేదు. మాట చరిత్ర కుక్కల దగ్గర లేదు, వంటింట్లోనూ ఒక పత్రికాఫీసులోనూ ఉంది.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను చేప తినను. కాబట్టి రుచి గురించి నేనేం చెప్పినా నమ్మకండి. పత్రికాఫీసు డెస్కు మీద కూర్చుని మాటల బరువు తూచడం నా వృత్తి, ఆ మేరకే వినండి.

హెర్రింగ్ ఉత్తర అట్లాంటిక్ చేప. శాస్త్రంలో దాని పేరు క్లూపియా హారెంగస్. మనకు మరీ పరాయిదేం కాదు. మన కవళ్ళు, మన పులస, అన్నీ క్లూపిఫార్మిస్ అనే ఒకే క్రమానికి చెందిన చుట్టాలు. పులసకున్నట్టే దీనికీ ఒంటినిండా కొవ్వు, ఒంటినిండా ముళ్లు. సముద్రంలో ఉన్నంతకాలం విలస అనీ, గోదావరికి ఎదురెక్కాక పులస అనీ మనవాళ్లు ఒకే చేపను రెండు పేర్లతో పిలుస్తారు కదా. ఇంగ్లిష్‌వాళ్లూ హెర్రింగ్ విషయంలో అదే పని చేశారు. ఉప్పు పోసి పీపాల్లో ఊరబెడితే 'వైట్ హెర్రింగ్'. పొగబెడితే 'రెడ్ హెర్రింగ్'. రంగు బట్టి పేరు, రంగు వెనక పనితనం.

ఇంత తంటా ఎందుకంటే, ఆ కొవ్వు మూలాన్నే. కాడ్ లాంటి కొవ్వు లేని చేపను నార్వేవాళ్లు కర్రల మీద ఆరేసి చలిగాలికి వదిలేస్తే కట్టెలా ఎండి ఏళ్లపాటు నిలవుంటుంది. హెర్రింగ్‌ని అలా ఆరేస్తే కొవ్వు ముక్కిపోయి దగ్గరికి వెళ్లలేం. పైగా అది విడివిడిగా దొరికే చేప కాదు. గుంపులు గుంపులుగా వస్తుంది. వచ్చిన వారాల్లో ఊరంతా తిన్నా తరగదు, ఆ తర్వాత నెలల తరబడి ఒక్కటీ కనబడదు. ఐస్ లేని కాలం. ఉప్పు, పొగ తప్ప వేరే దారి లేదు.

ఇంగ్లండ్ తూర్పు తీరంలో గ్రేట్ యార్మత్ అనే ఊరుంది. ఈ చేపకు అది పుట్టిల్లు. అక్కడి పని ఎలా సాగేదో కాస్త వివరంగా చెబుతాను. చేపను చీల్చరు, పేగులు తీయరు. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉప్పులో వేసి కొన్ని రోజులు ఉంచుతారు. కడిగి, మొప్పలోంచి నోట్లోకి వచ్చేటట్టు ఒక సన్నటి పుల్లకు వరసగా గుచ్చుతారు. ఆ పుల్లను వాళ్లు 'స్పీట్' అంటారు. పొగ ఇల్లంటే కిటికీల్లేని ఎత్తయిన గది, లోపల రెండు వైపులా కింది నుంచి కప్పుదాకా అడ్డకర్రలు. పనివాడు ఒక కాలు ఈ వరస కర్రల మీద, రెండో కాలు ఆ వరస మీద వేసి, పంగలు చాపి నిలబడి పైకెక్కుతాడు. కిందివాడు అందించిన పుల్లను పైవాడు అందుకుని ఇంకా పైవాడికి అందిస్తాడు. కప్పు దగ్గర మొదలుపెట్టి కిందికి నింపుకుంటూ వస్తారు. తర్వాత నేల మీద ఓక్ చెక్క పొట్టు, చెక్కముక్కలు వేసి అంటిస్తారు. మంట రాకూడదు, పొగే రావాలి. రెండు రోజులు పొగ పెట్టి ఆర్పేస్తారు, చేపలోంచి నూనె బొట్లు బొట్లుగా కారిపోవాలి. మళ్లీ అంటిస్తారు. మళ్లీ ఆర్పుతారు. ఇలా వారాల తరబడి.

పొగలో ఉండే ఫినాల్ జాతి పదార్థాలు కొవ్వును ముక్కిపోకుండా ఆపుతాయి. కార్బొనిల్ పదార్థాలు చేప మాంసకృత్తులతో కలిసి రంగు పుట్టిస్తాయి. మొదట బంగారు రంగు, ఆ తర్వాత రాగి, చివరికి పాత టేకు బీరువా రంగు. అంత గట్టిగా, అంత ఉప్పగా తయారైన చేప వేడి దేశాలకు ఓడలో పంపినా చెడదు. ఇటలీ దాకా ఎగుమతి అయ్యేది.

తినేవాళ్లెవరంటే, ఒక రకంగా యూరప్ మొత్తం. మధ్యయుగాల చర్చి ఏడాదిలో చాలా రోజులు మాంసం ముట్టొద్దంది. ప్రతి శుక్రవారమూ, దానికి తోడు ఈస్టర్ ముందు నలభై రోజులు, మన క్రైస్తవులు తపస్కాలం, శ్రమల కాలం అంటారే అది. చేపకు మాత్రం అనుమతి. సముద్రానికి దూరంగా ఉన్న పల్లెల్లో, చలికాలం చివర, తాజా చేప ఎక్కణ్ణించి వస్తుంది? పీపాలో ఊరిన హెర్రింగో, పొగలో ఎండిన హెర్రింగో, అంతే గతి. డబ్బున్నవాడు చెరువులో పెంచిన చేప తినేవాడు. పేదవాడికి నలభై రోజులూ ఇదే. తపస్సు అన్న మాటకు అర్థం వాళ్లకే బాగా తెలిసుండాలి.

ఇది ఎంత పెద్ద వ్యవహారమో చెప్పడానికి రెండు సంగతులు చాలు. 1357లో మూడో ఎడ్వర్డ్ రాజు కాలంలో యార్మత్ చేపల సంత ఎలా నడవాలో ఏకంగా ఒక శాసనం చేశారు, దాని పేరే 'హెర్రింగ్‌ల శాసనం'. 1429 ఫిబ్రవరి 12న ఫ్రాన్స్‌లో రూవ్రే అనే ఊరి దగ్గర జరిగిన యుద్ధం పేరు 'హెర్రింగ్‌ల యుద్ధం'. ఓర్లియాన్ కోటను ముట్టడించిన ఇంగ్లిష్ సైనికులకు తపస్కాలం తిండి కోసం బండ్ల మీద హెర్రింగ్ పీపాలు తీసుకెళుతుంటే ఫ్రెంచివాళ్లు దాడి చేశారు. బండ్లను గుండ్రంగా నిలబెట్టి కోటలా వాడుకుని ఇంగ్లిష్‌వాళ్లు గెలిచారు. ఆ బిడారు నాయకుడు సర్ జాన్ ఫాస్టాఫ్ ఊరు కేస్టర్, యార్మత్‌కి కూతవేటు దూరం. ఇక యార్మత్ ఊరి చిహ్నం చూస్తే నవ్వొస్తుంది. రాజుగారి మూడు సింహాల్ని సగానికి కోసి, వెనక సగం హెర్రింగ్ తోకలు అతికించారు. ముందు గర్జన, వెనక ఈత.

లెక్కపెట్టే పద్ధతి కూడా చెప్పాలి, మనవాళ్లకు నచ్చుతుంది. యార్మత్‌లో చేపల్ని రెండు చేతులా రెండేసి పట్టుకుని నాలుగేసి చొప్పున లెక్కపెట్టేవారు. మనం పుంజీ అంటామే, నాలుగు. దాన్ని వాళ్లు 'వార్ప్' అన్నారు. ముప్పైమూడు వార్ప్‌లు ఒక వంద. అంటే వంద అన్నప్పుడు నూటముప్పైరెండు చేపలన్నమాట. పది వేలు అంటే 13,200, దాన్ని ఒక 'లాస్ట్' అంటారు. కొసరు వేసి అమ్మే అలవాటు మన సంతలకే సొంతం కాదు.

ఇప్పుడు మాట దగ్గరికి వద్దాం. పదమూడో శతాబ్దం మధ్యలో వాల్టర్ ఆఫ్ బిబ్బెస్‌వర్త్ అనే జమీందారు ఒక గొప్పింటి ఆవిడ పిల్లలకు ఫ్రెంచ్ నేర్పడానికి పద్యాల్లో పాఠ్యపుస్తకం రాశాడు. ఫ్రెంచ్ మాటల పక్కన ఇంగ్లిష్ అర్థాలు రాసిన ప్రతులున్నాయి. రెడ్ హెర్రింగ్ అన్న మాట చరిత్రను ఆ సంప్రదాయం దగ్గరే మొదలుపెడతారు, 'హెరింగ్ రెడ్' అనే రూపంలో. అక్కడ కుక్కల్లేవు, దొంగల్లేవు. పిల్లలకు నేర్పే తిండి పదార్థాల పేర్లలో ఒక పేరు, అంతే.

ఇదే చేపకు పక్క దేశాలవాళ్లు ఏం పేరు పెట్టారో చూస్తే సరదాగా ఉంటుంది. ఫ్రెంచివాళ్లు 'ఆరాంగ్ సోర్' అన్నారు. సోర్ అంటే డచ్చి వైపు నుంచి వచ్చిన మాట, ఎండిపోయినది అని అర్థం. వాడుకలో దానికి ఇంకో పేరు కూడా ఉంది, 'జాందార్మ్', అంటే పోలీసు. బిర్రబిగుసుకుని నిలబడుతుందని కాబోలు. జర్మన్లు పొగబెట్టిన హెర్రింగ్‌ని 'బ్యుక్‌లింగ్' అంటారు, డచ్చివాళ్లు 'బొక్కింగ్'. రెంటి వెనకా ఉన్నది 'బొక్', మేకపోతు. మేకపోతు కంపు ఎలా ఉంటుందో పల్లెటూళ్లో పెరిగినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఇంగ్లిష్‌లోనే 'బ్లోటర్' అని ఇంకో రకం ఉంది, కొద్దిగా ఉప్పు, కొద్దిగా పొగ తగిలిన మెత్తటి చేప. ఆ పేరు పాత నార్స్ భాషలో మెత్తన, తడి అనే అర్థమున్న 'బ్లౌత్ర్' నుంచి వచ్చింది. ఒకరు కంటితో పేరు పెట్టారు, ఒకరు ముక్కుతో, ఒకరు వేళ్లతో నొక్కి చూసి. యార్మత్ వాసులు తమ చేపను తామే వెక్కిరించుకుంటూ 'యార్మత్ కేపన్' అన్నారు. కేపన్ అంటే పండక్కి ప్రత్యేకంగా మేపిన కోడి. కోడి కొనలేనివాడి కోడి అన్నమాట.

'కిప్పర్' గురించి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే చాలామంది రెడ్ హెర్రింగ్ అంటే కిప్పరే అని రాసేస్తుంటారు. కాదు. కిప్పర్‌ని వీపు వైపు నుంచి చీల్చి, శుభ్రం చేసి, తెరిచిన పుస్తకంలా పరిచి, కొంచెం ఉప్పు పట్టించి ఒక్క రాత్రి పొగబెడతారు. ఎక్కువ రోజులు నిలవుండదు. రైళ్లు వచ్చాకే దానికి గిరాకీ. నార్తంబర్లండ్‌లోని సీహౌసెస్ ఊళ్లో జాన్ వుడ్జర్ 1843లో దాన్ని కనిపెట్టాడని చెప్పుకుంటారు. చీల్చి ఉప్పేసి పొగబెట్టడమనే పని అంతకు ముందే సాల్మన్‌కి చేసేవారు, ఆయన హెర్రింగ్‌కి తిప్పాడనుకుంటే సరిపోతుంది. ఆ మాట మొదట సాల్మన్‌దే. పాత ఇంగ్లిష్‌లో 'కుపెర' అంటే గుడ్లు పెట్టే రుతువులో ఉన్న మగ సాల్మన్. ఆ సమయంలో దాని ఒళ్లు ఎర్రటి రాగి రంగుకు తిరుగుతుంది. అందుకే రాగికి ఉన్న 'కోపర్' అనే మాటతో దీనికి చుట్టరికం ఉండొచ్చని నిఘంటుకారులు అంటారు. రాగికి లాటిన్‌లో 'కుప్రమ్', అది రాగి గనులున్న సైప్రస్ దీవి పేరు మీద వచ్చింది. తీగ లాగితే డొంక మధ్యధరా సముద్రం దాకా కదిలింది. రాగితో చుట్టరికం 'ఉండొచ్చు' అనే అన్నారు, 'ఉంది' అనలేదు, గమనించండి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పొగబెట్టే సమయం కలిసిరావడానికి కిప్పర్లకు రంగు పూయడం మొదలుపెట్టారు. ఆ తర్వాత వచ్చిన ఒక రంగు పేరు 'బ్రౌన్ ఎఫ్‌కే'. ఎఫ్‌కే అంటే 'ఫర్ కిప్పర్స్'. ప్రభుత్వ పట్టికల్లో కూడా అదే పేరుతో ఎక్కింది.

సరే, ఎర్ర చేప దగ్గరికి. పదహారో శతాబ్దానికల్లా అది సామెతలో దూరింది. 1546లో జాన్ హేవుడ్ సేకరించిన సామెతల్లో, ఎందులోనూ చేరని మనిషి గురించి 'చేపా కాదు, మాంసమూ కాదు, మంచి రెడ్ హెర్రింగూ కాదు' అన్న మాట ఉంది. చేప సన్యాసులకు, మాంసం గృహస్థులకు, రెడ్ హెర్రింగ్ పేదలకు. ఎవరికీ పనికిరానిది అని భావం. మన 'రెంటికీ చెడ్డ రేవడి' అన్న ధోరణి. ఇక్కడా ఇంకా చేపే, మోసం వాసన లేదు. 1660 ఫిబ్రవరి 28న, డైరీ వల్లే పేరు నిలిచిన లండన్‌వాసి శామ్యూల్ పెపీస్ ఆ డైరీలో, పొద్దున్నే లేచి రెడ్ హెర్రింగ్‌లు ఫలహారం చేశాననీ, ఆలోపు బూటు మడమ బాగుచేయడానికిస్తే కుర్రాడు చిల్లును ఎంతదాన్ని అంతగానే వదిలేశాడనీ రాసుకున్నాడు. మాటకు ఇలాంటి సాక్ష్యాలే కావాలి. చరిత్ర కోసం కాకుండా, చెప్పుల కుర్రాడి మీద విసుక్కుంటూ రాసినవి.

దీన్ని నిజంగా నెత్తిన పెట్టుకున్నవాడు థామస్ నాష్ అనే ఇంగ్లిష్ రచయిత. 1597లో తాను చెయ్యి వేసిన ఒక నాటకం ప్రభుత్వానికి కోపం తెప్పిస్తే లండన్ వదిలి పారిపోయి యార్మత్‌లో తలదాచుకున్నాడు. ఆదరించిన ఊరి రుణం తీర్చుకోవడానికి 1599లో 'లెంటెన్ స్టఫ్', అంటే తపస్కాలం సరుకు, అనే పుస్తకం అచ్చువేశాడు. పుస్తకమంతా రెడ్ హెర్రింగ్‌కు స్తోత్రపాఠం. మన చాటుకవులు వంకాయనీ కాఫీనీ పొగిడారే, ఆ బాపతు. అందులో పుట్టుక కథ కూడా ఉంది. ఒక జాలరికి తినగా అమ్మగా బోలెడు చేప మిగిలిపోయింది. పొగచూరిన గుడిసెలో దూలాలకు వేలాడదీసి మరిచిపోయాడు. వేలాడదీసినప్పుడు తెల్లగా ఉన్నవి తర్వాత చూస్తే రొయ్యలా ఎర్రబడ్డాయి. కథగా చదువుకోవలసిందే, ఎందుకంటే అప్పటికి రెడ్ హెర్రింగ్ మూడున్నర శతాబ్దాల పాత సరుకు.

ఆ పుస్తకంలోనే మనకు అక్కరకొచ్చే వాక్యం ఒకటుంది. వేటకుక్కల్ని వాసన వెంట నడిపించడానికి రెడ్ హెర్రింగ్ తోలును మించింది లేదంటాడు నాష్. వాసన 'వెంట నడిపించడానికి'. తప్పుదారి పట్టించడానికి కాదు. ఇక్కడే మలుపు.

ఎనభై ఆరేళ్ల తర్వాత, 1685లో, గెరార్డ్ లాంగ్‌బేన్ అనే ఆయన గుర్రాల పెంపకం మీద రాసిన గ్రంథంలో ఇంకా స్పష్టంగా చెప్పాడు. వేట గుర్రానికి తర్ఫీదు కావాలి, కానీ అన్ని రోజులూ కుందేలు దొరకదు. అప్పుడు చచ్చిన పిల్లినో నక్కనో మూడు నాలుగు మైళ్లు ఈడ్చుకెళ్లండి, అవీ దొరక్కపోతే రెడ్ హెర్రింగ్ అయినా సరే. ఆ జాడ మీదికి కుక్కల్ని వదలండి, కుక్కల వెనక గుర్రాన్ని తోలండి. అసలు ఉద్దేశం గుర్రానికి అలవాటు చేయడం. కుక్కలు అనుకున్న దారిలోనే, గురి తప్పకుండా పోవాలి. అంత ఘాటు వాసన ఉన్న చేప అందుకు బాగా పనికొస్తుంది. ఈ గ్రంథాన్ని ఇంకొకరి వేట పుస్తకంతో కలిపి బైండు చేసి అమ్మడంతో తర్వాతివాళ్లు రచయిత పేరూ తికమక చేశారు, విషయమూ తలకిందులు చేశారు. కుక్కలకు పరీక్ష పెట్టడానికి జాడకు అడ్డంగా హెర్రింగ్ లాగేవారని ఎవరో రాశారు, దాన్ని చూసి ఇంకొకరు రాశారు. చూసి రాసేవాళ్ల సంగతి మా వృత్తిలో ఉన్నవాళ్లకు బాగా తెలుసు.

మధ్యలో ఒక పిట్టకథ. ఆక్స్‌ఫర్డ్‌లో జాస్పర్ మేన్ అనే మతాచార్యుడు ఉండేవాడు, నాటకాలు కూడా రాశాడు, 1672లో పోయాడు. తాను పోయాక నీకు తాగడానికి వీలు కల్పించేది ఒకటి ఆ పెట్టెలో పెట్టానని నౌకరుతో చెప్పాడట. ఆయన కన్ను మూయగానే నౌకరు ఆశగా పెట్టె తెరిస్తే, అందులో ఒక రెడ్ హెర్రింగ్. అంత ఉప్పు చేప తింటే దాహం వేసి తాగక తప్పదు కదా! ఆశపెట్టి చేప చేతిలో పెట్టిన ముసలాయన. మోసానికి ఈ చేపను ముడిపెట్టిన కథల్లో ఇది పాతది, కానీ ఇక్కడ హాస్యం ఉప్పులో ఉంది, వాసనలో కాదు.

ఇప్పుడు అసలు మనిషి వస్తున్నాడు. విలియం కోబెట్. 1763లో సర్రీ జిల్లా ఫార్నమ్‌లో రైతు కుటుంబంలో పుట్టాడు. సైన్యంలో పనిచేశాడు, 1802లో 'పొలిటికల్ రిజిస్టర్' అనే వారపత్రిక పెట్టాడు. నోరు పెద్దది. సైనికుల్ని కొరడాలతో కొట్టించారని రాసినందుకు 1810 నుంచి రెండేళ్లు న్యూగేట్ జైల్లో ఉన్నాడు, జైల్లోంచే పత్రిక నడిపాడు. 1807 ఫిబ్రవరి 14 సంచికలో ఆయన తోటి పత్రికల మీద విరుచుకుపడ్డాడు. నెపోలియన్ ఓడిపోయాడని ఒక గాలివార్త వచ్చింది. పత్రికలన్నీ దేశంలోని అసలు సమస్యలు వదిలేసి ఆ వార్త వెనక పడ్డాయి. తీరా అది ఉత్తిదే. దాన్ని వర్ణించడానికి కోబెట్ తన చిన్నతనం నుంచి ఒక ముచ్చట తీశాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు, కుందేలు వెంట పడ్డ కుక్కల్ని దారి తప్పించడానికి ఒక రెడ్ హెర్రింగ్‌ని తాడుకు కట్టి పొలాలకు అడ్డంగా లాక్కెళ్లానన్నాడు. పత్రికలకూ అలాగే ఒక రాజకీయ రెడ్ హెర్రింగ్ తగిలింది, శనివారానికల్లా ఆ వాసన రాయిలా చల్లబడిపోయింది అని ముగించాడు.

ఈ మాటకు మోసమనే అర్థం అక్కడ పుట్టింది. కోబెట్ పత్రికకు పాఠకులు వేలల్లో. ఆయనకు నచ్చిన పోలిక కాబట్టి తర్వాత 1833లోనూ వాడాడు. పాఠకులు అందిపుచ్చుకున్నారు. పోలిక ఎంత బాగా అతికిందంటే, ఒక తరం గడిచేసరికి పోలిక పోయి ఆచారం మిగిలింది. పూర్వం అలా చేసేవారట అన్నారు. తర్వాత దొంగలు చేరారు, జైలు చేరింది.

ఈ ముడి విప్పినవాళ్లు మాటల పుట్టుక వెతికే ఇద్దరు పరిశోధకులు, గెరాల్డ్ కోహెన్, రాబర్ట్ స్కాట్ రాస్. 2008లో 'కామెంట్స్ ఆన్ ఎటిమాలజీ' అనే పత్రికలో వాళ్లు చూపించిందేమిటంటే, హెర్రింగ్‌తో కుక్కల్ని తప్పుదారి పట్టించడమనే ఆచారానికి ఆధారం లేదు, ఉన్నదంతా కోబెట్ కథే, ఆ కథ కూడా ఆయన కల్పన అయ్యుండటానికే ఎక్కువ అవకాశం. నాకు ఇందులో బాగా నచ్చింది వాళ్లు పట్టుకున్న పద్ధతి. కథ బాగుందా లేదా అని చూడలేదు. ఏ సంవత్సరం, ఏ పేజీ, ఏ అర్థంలో అని వరసగా పేర్చారు. 1807కు ముందు దొరికిన ప్రతిచోటా చేప చేపగానే ఉంది, లేదా కుక్కల్ని సరైన దారిలో నడిపే సాధనంగా ఉంది. త్రిలింగం నుంచి తెలుగు వచ్చిందని బడిలో చదువుకున్న మనకు ఈ పద్ధతి కాస్త చేదుగానే ఉంటుంది. కథ పోతే మనసు ఒప్పదు. నన్నడిగితే కోబెట్ అసలు కథ దొంగల కథ కన్నా రుచికరమే. ఒక సంపాదకుడు తోటి సంపాదకుల మీద కోపంతో అల్లిన అబద్ధం నిఘంటువులకెక్కి రెండు వందల ఏళ్లు చెలామణి అయింది. అదీ అబద్ధపు వార్తల్ని నమ్మొద్దని చెప్పడానికి అల్లిన అబద్ధం!

తర్వాతి కథ మీకు తెలుసు. ఇరవయ్యో శతాబ్దంలో డిటెక్టివ్ రచయితలు దీన్ని సొంతం చేసుకున్నారు. తర్కశాస్త్రం పాఠాల్లో, అడిగినదానికి సంబంధం లేనిది ముందుకు తోసి వాదన మళ్లించడమనే దోషానికి ఇదే పేరైంది. ఈలోగా చేప తెరమరుగైంది. 1913లో యార్మత్ రేవుకు చేప రుతువులో వెయ్యికి పైగా స్కాట్లండ్ పడవలొచ్చాయి. వాటి వెనకే చేపలు కోసే స్కాట్ అమ్మాయిలు రైళ్లలో దిగేవారు, కత్తికి తెగకుండా వేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకుని. మరుసటి ఏడు యుద్ధం వచ్చింది, జర్మనీ, రష్యా మార్కెట్లు పోయాయి. తర్వాతి దశాబ్దాల్లో పెద్ద వలలతో అదేపనిగా పట్టేసరికి చేపే తరిగిపోయింది. 1977లో ఉత్తర సముద్రంలో హెర్రింగ్ వేట మొత్తం ఆపేశారు. యార్మత్‌లో టవర్ అనే పొగ కార్ఖానా 1988 దాకా నడిచి మూతపడి, 2004లో మ్యూజియంగా తెరుచుకుంది. గోడల్లో ఇప్పటికీ పొగ వాసన ఉందని వెళ్లొచ్చినవాళ్లు అంటారు.

చేప కరువైనా మాట మన దేశం దాకా వచ్చింది, అదీ చట్టంలోకి. దారి అమెరికా మీదుగా. 1929లో అక్కడ షేర్ మార్కెట్ కుప్పకూలాక 1933లో సెక్యూరిటీల చట్టం చేశారు. కంపెనీ తన వివరాలు నమోదు చేసి, ఆ నమోదు అమల్లోకి వచ్చేదాకా షేర్లు అమ్మకూడదు. కానీ కొనేవాళ్లకు ముందే సమాచారం అందాలి కదా. అందుకని ముసాయిదా పత్రం పంచేవారు, దాని అట్ట మీద ఎర్ర సిరాతో హెచ్చరిక అచ్చువేసేవారు: ఇది ఇంకా పూర్తికాలేదు, దీన్ని అమ్మకం కింద తీసుకోవద్దు అని. ఎర్ర అక్షరాలు చూసి వాల్‌స్ట్రీట్ వాళ్లు దానికి 'రెడ్ హెర్రింగ్' అని ముద్దుపేరు పెట్టారు. ఎరుపు సిరాది, హెర్రింగ్ మాత్రం ఊరికే తగులుకుని వచ్చింది.

ముద్దుపేరు అక్కడ ముద్దుపేరుగానే ఉంది. మనవాళ్లు దాన్ని శాసనభాష చేశారు. మన కంపెనీల చట్టం 2013లో సెక్షన్ 32 శీర్షికే 'రెడ్ హెర్రింగ్ ప్రాస్పెక్టస్'. ప్రాస్పెక్టస్ అంటే షేర్లు అమ్మే కంపెనీ కొనేవాళ్లకు ఇచ్చే వివరాల పత్రం. అమ్మే షేర్లెన్ని, ధరెంత అనే వివరాలు పూర్తిగా ఇవ్వని ప్రాస్పెక్టస్ అని అందులో నిర్వచనం. ఇష్యూ, అంటే షేర్ల అమ్మకం, తెరవడానికి కనీసం మూడు రోజుల ముందు కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. దానికి ముందు షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీకి ఇచ్చేది 'డ్రాఫ్ట్ రెడ్ హెర్రింగ్ ప్రాస్పెక్టస్', మన బిజినెస్ పేజీల్లో డీఆర్‌హెచ్‌పీ. ఇందులో మోసం లేదు. ధర ఇంకా తేలలేదని బాహాటంగా చెప్పే పత్రమిది. వందల పేజీలుంటుంది. ధర రావలసిన ప్రతిచోటా చదరపు బ్రాకెట్లలో ఒక నల్ల చుక్క పెట్టి వదిలేస్తారు. మొదటి పేజీ పైభాగంలోనే 'కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 32 చదవగలరు' అని విన్నపం కూడా ఉంటుంది. ఆ విన్నపాన్ని మన్నించిన ఇన్వెస్టరు నాకింతవరకు తారసపడలేదు. ఈ సభలో ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి, మొదటి ప్రశ్న వారినే అడగనిద్దాం.